హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

నమస్కారం మాస్టారూ. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండి. ఏడెనిమిదేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. రోజూ సాయంత్రం ఓ గంట వాడతారు. అమ్మాయితో వీడియో కాల్, మెయిల్, కాస్త తెలుగు టైపింగు, పాత ఫోటోలు చూసుకోవడం. వేసవి సెలవులకి మనవడు వచ్చి వెళ్లిన దగ్గర్నుంచీ సీపీయూ డబ్బా మీద లైటు ఆరడం లేదు. లోపల కరకరమని ఒకటే సౌండు. క్రోమ్ మీద నొక్కి, టీ తాగొచ్చి చూసినా తెరుచుకోవడం లేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తోంది. రాజోలులో షాపు అబ్బాయి "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్దండి" అన్నాడు. కొట్టించాలా వద్దా అని మీరు అడుగుతున్నారు.

ఇప్పుడే వద్దండి. 100 శాతం అన్న అంకె ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. ఏదో ఒక ప్రోగ్రాం డిస్క్‌కి తీరిక లేకుండా పని చెబుతూ ఉండొచ్చు. లేదా చెప్పిన కొద్దిపాటి పని కూడా డిస్క్ చేయలేకపోతూ ఉండొచ్చు. బయటికి మాత్రం అదే లైటు, అదే నిదానం. మొదటిదైతే ఫార్మాట్ చేశాక నాలుగు నెలలు బాగానే నడిచి, మళ్లీ మొదటికొస్తుంది. రెండోదైతే కొనఊపిరితో ఉన్న డిస్క్ మీద విండోస్ మొత్తం కొత్తగా రాయిస్తున్నట్టు. మీ ఫోటోలు ఉన్నది కూడా ఆ డిస్క్‌లోనే. కాబట్టి మీది ఈ రెంటిలో ఏదో ముందు తేల్చుకోవాలి. దానికి ఖర్చేమీ లేదు, ఓ అరగంట ఓపిక చాలు.

అసలు ఆ శాతం దేన్ని లెక్కపెడుతుందో చెబుతాను. 100 శాతం అంటే డేటా బోలెడంత కదులుతోందని కాదండి, ఆ సమయంలో డిస్క్ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేదని మాత్రమే. మీ డిస్క్ లోపల పళ్లేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటాయి. ఒక సన్నటి చెయ్యి వాటి మీద కావలసిన చోటికి జరిగి, ఆ చోటు తిరుగుతూ తన కిందికి వచ్చేదాకా ఆగి, అప్పుడు చదువుతుంది. జరగడానికీ ఆగడానికీ కలిపి సుమారు 13 నుంచి 15 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న చిన్న ముక్కలు తెమ్మంటే సెకనుకి ఓ 70 తేగలదు. ముక్కకి 4 కేబీ చొప్పున సెకనుకి 280 కేబీ అయింది, అంతే. అదే డిస్క్‌ని వరసగా ఉన్న ఓ సినిమా ఫైలు కాపీ చేయమంటే సెకనుకి 100 ఎంబీ లాగేస్తుంది. టాస్క్ మేనేజర్ రెండుసార్లూ 100 శాతమే చూపిస్తుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య తిరిగే పంటు మీరు ఎక్కే ఉంటారు. దాని మీద ఒక్క సైకిలున్నా, నిండా బళ్లున్నా గోదారి దాటడానికి పట్టే టైము ఒకటే. మీ కంప్యూటర్‌లో ఇప్పుడు ఒక్కో సైకిలుకీ ఒక్కో ట్రిప్పు వేయిస్తున్నారు.

అందుకే శాతంతో పాటు ఇంకో రెండు అంకెలు చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న కిటికీలా వస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కండి. పైన "పెర్ఫార్మెన్స్", అందులో ఎడమవైపు "డిస్క్ 0". గ్రాఫు కింద యాక్టివ్ టైమ్, యావరేజ్ రెస్పాన్స్ టైమ్, రీడ్ స్పీడ్, రైట్ స్పీడ్ అని ఉంటాయి. ఓ ఐదు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా వాటినే చూడండి. రీడ్, రైట్ స్పీడ్‌లు కలిపి పదులకొద్దీ ఎంబీలు కదులుతుంటే డిస్క్ నిజంగానే పనిచేస్తోంది, ఆ పని చెప్పేదెవరో పట్టుకోవాలి. ఒకటి రెండు ఎంబీలు కదులుతూ, రెస్పాన్స్ టైమ్ (మిల్లీసెకన్లలో ఉంటుంది) పదుల్లోనో వందల్లోనో ఉంటే చిన్న ముక్కల పని ఎక్కువైంది. పాత డిస్క్‌కి అది మామూలే. స్పీడ్ సున్నా దగ్గరే పడి ఉండి, రెస్పాన్స్ టైమ్ మాత్రం వేలల్లోకి పోతూ, ఆ సమయానికి ఏ ప్రోగ్రామూ డిస్క్‌ని పెద్దగా అడగకపోతే మాత్రం అనుమానించాలి. అలా కనిపిస్తే కింద డిస్క్ ఆరోగ్యం గురించి రాసిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, మధ్యలోదంతా తర్వాత చదువుకోవచ్చు.

పని చెప్పేదెవరో తెలియాలంటే స్టార్ట్ దగ్గర ఇంగ్లీషులో రిసోర్స్ మానిటర్ అని టైపు చేసి తెరవండి. అందులో "డిస్క్" ట్యాబ్, దాని కింద "డిస్క్ యాక్టివిటీ" ఉంటాయి. "టోటల్" అన్న తలకట్టు మీద నొక్కితే ఎక్కువ వాడేది పైకి వస్తుంది. ఏ ప్రోగ్రామో, ఏ ఫైలుని ముట్టుకుంటోందో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. టాస్క్ మేనేజర్‌లో ఉత్తి "సిస్టమ్" అని కనిపించి చిరాకు పెట్టేది ఇక్కడ ఫైలు పేరుతో సహా దొరికిపోతుంది.

ఇప్పుడు మీరు రాసిన ఒక మాట దగ్గర ఆగుతాను. "రోజూ సాయంత్రం ఓ గంట" అన్నారు. మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉందని నా అంచనా. విండోస్‌కి ఇంటిపనుల్లాంటివి చాలా ఉంటాయి. అప్‌డేట్లు దించుకోవడం, వైరస్ స్కాను, ఫైళ్లకి సూచిక తయారు చేసుకోవడం, చెల్లాచెదురైన ఫైళ్లని ఒకచోటికి సర్దుకోవడం. ఈ మెయింటెనెన్సుకి విండోస్ పెట్టుకున్న ముహూర్తం రాత్రి 2 గంటలు. ఆ టైములో మన ఇళ్లల్లో కంప్యూటర్ ఏం ఆన్‌లో ఉంటుందండీ? అప్పుడు కుదరకపోతే, తర్వాత ఎప్పుడు ఆన్ చేసి కాస్త ఖాళీగా వదిలితే అప్పుడు మొదలెడుతుంది. మీరు ఆన్ చేసి వంటింట్లోకి వెళ్లేసరికి మొదలవుతుంది, తిరిగొచ్చి మౌస్ కదిపేసరికి సగంలో ఆగుతుంది. గంటకి ఆపేస్తారు. రేపు మళ్లీ ఇదే తంతు. నెలల తరబడి ఏ పనీ పూర్తి కాదు.

ఇది మీ ఇంట్లోనూ జరుగుతోందా అని తెలుసుకోవడం తేలిక. లైటు ఆగకుండా వెలుగుతున్నప్పుడు మౌస్ కదిపి చూడండి. కొద్ది సెకన్లకి లైటు నెమ్మదించి, వదిలేశాక కాసేపటికి మళ్లీ మొదలైతే అది ఖాళీ టైములో చేసుకునే పనే. మందు కూడా తేలికే. ఒక ఆదివారం పొద్దున్నే ఆన్ చేసి, స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగుల్లో "నెవర్" పెట్టి, మానిటర్ ఒక్కటే ఆపేసి సాయంత్రం దాకా వదిలేయండి. చాలాకాలం పెండింగులో ఉంటే ఒకరోజు సరిపోకపోవచ్చు, ఇంకో రోజు కూడా వదలండి. ఆ తర్వాత వారానికో పూట అలా వదిలితే చాలు. కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు, మానిటర్ ఆపేశాక ఆ డబ్బా తినేది ఓ ఫ్యాను తినేదానికి అటూ ఇటుగానే ఉంటుంది.

దీనికి ముందు ఒకసారి "రీస్టార్ట్" చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. దానివల్ల మీరు షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచిపెట్టుకుని, మర్నాడు దాన్నే తిరిగి లేపుతుంది. అంటే రోజూ ఆపుతున్నాం అనుకుంటాం గానీ అది పూర్తిగా ఆగదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో "అప్ టైమ్" చూడండి, రోజుల లెక్క కనిపించి ఆశ్చర్యపోతారు. రీస్టార్ట్ చేస్తేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది, ఆగిపోయిన అప్‌డేట్లు కూడా పూర్తవుతాయి.

ఇక మనవడి సంగతి. పిల్లాణ్ణి ఏమీ అనకండి, ఆ వయసులో అందరూ చేసే పనులే. టాస్క్ మేనేజర్‌లోనే "స్టార్టప్" ట్యాబ్ తెరిస్తే కంప్యూటర్ ఆన్ అవగానే ఏవేవి లేస్తున్నాయో వరసగా ఉంటాయి. గేముల లాంచర్లు, టొరెంట్ ప్రోగ్రాం, ఉచిత యాంటీవైరస్ ఏవైనా కనిపిస్తాయేమో చూడండి. టొరెంట్ ఉంటే దాదాపు దొంగ దొరికినట్టే. సినిమా దిగిపోయాక కూడా అది ఊరుకోదు, దిగినదాన్ని చిన్న చిన్న ముక్కలుగా ఊళ్లో వాళ్లందరికీ పంచుతూనే ఉంటుంది. ఇందాక చెప్పిన సైకిలు ట్రిప్పులు అవే. గడియారం పక్కన చిన్న బాణం గుర్తు నొక్కి అక్కడుంటే ఎగ్జిట్ కొట్టండి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. లాంచర్లని కుడి క్లిక్ చేసి "డిసేబుల్" చేస్తే చాలు, తీసేయక్కర్లేదు. మళ్లీ సెలవులకి వచ్చి అడుగుతాడు.

యాంటీవైరస్‌లు రెండుంటే ఒకటి తీసేయండి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. బయటిది ఒకటి వేస్తే విండోస్ సొంత డిఫెండర్ తనంతట తాను పక్కకి తప్పుకుంటుంది, ఆ జంటతో గొడవ లేదు. బయటివే రెండు వేస్తేనే ఒకటి ముట్టుకున్న ఫైలుని రెండోది తనిఖీ చేస్తూ డిస్క్‌ని నలిపేస్తాయి. నన్నడిగితే బయటివన్నీ తీసేసి డిఫెండర్ ఉంచుకోమంటాను. మీ వాడకానికి అది చాలు. క్రాక్ చేసిన గేములేవైనా ఉంటే వాటిని తీసేశాక డిఫెండర్‌తో "ఫుల్ స్కాన్" ఒకసారి చేయించండి.

అసలు విషయానికొస్తే, ఇవన్నీ సరిచేసినా మీ కంప్యూటర్‌కి ఒక లోటు మిగిలే ఉంటుంది. అది ర్యామ్. 4 జీబీలో విండోస్ 10 లేవడానికే దాదాపు 2 జీబీ పోతుంది. మిగిలినదాంట్లో క్రోమ్, అందులో అయిదారు ట్యాబులు, పైన వీడియో కాల్. చోటు చాలక విండోస్ ఏం చేస్తుందంటే, ర్యామ్‌లో ప్రస్తుతానికి వాడనివాటిని డిస్క్ మీదున్న పేజ్‌ఫైల్ అనే పెద్ద ఫైలులోకి దించుతుంది, మళ్లీ కావాలన్నప్పుడు పైకి ఎక్కిస్తుంది. ఆ దించడం ఎక్కించడం కూడా చిన్న ముక్కల పనే. అందుకే ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కి మారినా తెర బిగుసుకుపోయి లోపల కరకర మొదలవుతుంది. చూడ్డానికి డిస్క్ జబ్బులా ఉంటుంది గానీ మూలం ర్యామ్‌లో ఉంది. రిసోర్స్ మానిటర్‌లో "మెమరీ" ట్యాబ్‌లో "హార్డ్ ఫాల్ట్స్" గ్రాఫు చూడండి. కావలసింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చిన సార్ల లెక్క అది. వీడియో కాల్ నడుస్తుండగా అది వందల్లో ఎగిరెగిరి పడుతుంటే, డిస్క్ ట్యాబ్‌లో పేజ్‌ఫైల్ పేరు పైపైనే కనిపిస్తుంటే ఇక సందేహం లేదు. కొందరు "పేజ్‌ఫైల్ తీసేస్తే ఫాస్ట్ అవుతుంది" అని సలహా ఇస్తారు. 4 జీబీ మీద ఆ పని చేస్తే ప్రోగ్రాములు చెప్పాపెట్టకుండా మూతపడతాయి. దాని జోలికి పోవద్దు.

ఇంకో 4 జీబీ ముక్క వేయించుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. కొనేముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో "స్లాట్స్ యూజ్డ్" దగ్గర 1 ఆఫ్ 2 అని ఉందో లేదో చూసుకోండి. ఒక స్లాటు ఖాళీగా ఉంటే పాతది అలా ఉంచి పక్కన కొత్తది పెట్టొచ్చు. డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాట్లు వేరు. పాత ముక్క విప్పి షాపుకి పట్టుకెళ్లి అలాంటిదే అడగడం అన్నిటికన్నా క్షేమం.

సి డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో కూడా ఓ చూపు చూడండి. మన దగ్గర షాపుల్లో 1 టీబీ డిస్క్‌ని సి, డి, ఇ అని ముక్కలు చేసి, సి కి 100 జీబీ ఇచ్చి వదిలేస్తారు. ఏళ్లు గడిచేసరికి సి గీత ఎర్రగా మారుతుంది, డి, ఇ ఖాళీగా పడి ఉంటాయి. అప్‌డేట్ దించుకోవడానికి చోటు లేక విండోస్ మొదలెట్టి, విఫలమై, మళ్లీ మొదలెడుతూ ఉంటుంది. సెట్టింగుల్లో "స్టోరేజ్" తెరిచి తాత్కాలిక ఫైళ్లు తీసేయండి, డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఉన్న సినిమాలు డి లోకి జరపండి. 15, 20 జీబీ ఖాళీ ఉండేలా చూస్తే చాలు.

యూట్యూబులో "ఈ 20 సర్వీసులు ఆపేయండి, కంప్యూటర్ రాకెట్" అనే వీడియోలు చూసే ఉంటారు. అవి చూసి అన్నీ ఆపేసినవాళ్లకి ఆర్నెల్ల తర్వాత ప్రింటరు పనిచేయదు, ఎందుకో ఎవరికీ గుర్తుండదు. అనుమానం ఉన్నదాన్ని ఒక్కదాన్నే ఆపి, ఒకరోజు చూసి, తేడా లేకపోతే మళ్లీ ఆన్ చేయాలి. హార్డ్ డిస్క్ విషయంలో పరీక్షించి చూడదగ్గవి రెండే. ఒకటి సిస్‌మెయిన్, పాత పేరు సూపర్‌ఫెచ్. మీరు తరచూ వాడేవాటిని ముందుగానే ర్యామ్‌లోకి తెచ్చిపెడుతుంది. ర్యామ్ తక్కువున్న చోట ఆ ఉపకారం అపకారం అవుతుంది. రెండోది విండోస్ సెర్చ్. మనవడు ఫోన్ ఫోటోలన్నీ ఒక్కసారిగా కాపీ చేసి ఉంటే వాటన్నిటికీ సూచిక రాసుకుంటూ ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో "ఇండెక్సింగ్ ఆప్షన్స్" తెరిస్తే పూర్తయిందో ఇంకా నడుస్తోందో పైనే రాసి ఉంటుంది. నడుస్తుంటే ఆదివారం దాకా ఆగండి, అదే అయిపోతుంది.

ఇప్పుడు డిస్క్ ఆరోగ్యం. డిస్క్ మీద ఏదైనా చోటు పాడైతే అది వెంటనే "చదవలేను" అని చెప్పదు. అదే చోటుని పదేపదే ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి సెకన్ల తరబడి. ఆ సేపు మిగతా అందరూ లైన్లో నిలబడాలి. లైటు వెలుగుతూనే ఉంటుంది, స్పీడ్ సున్నా, తెర బిగుసుకుపోతుంది. సౌండు కూడా వినండి. ఎప్పుడూ వచ్చే కరకర మామూలే, ఆ చెయ్యి అటూ ఇటూ తిరిగే చప్పుడు. ఒకే లయలో టక్, టక్, టక్ అని కొట్టుకుంటూ, మధ్యలో ఆగి మళ్లీ తిరగడం మొదలెడితే మాత్రం వెంటనే ఆపేయండి. అప్పుడు ఇంట్లో ఇంకే ప్రయోగమూ వద్దు. ఫోటోలు ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వడమే దారి.

చప్పుడు మామూలుగానే ఉంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం దించుకోండి. డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ రికార్డుని అది చూపిస్తుంది. నీలం రంగులో "గుడ్" అని ఉందని అక్కడితో ఆగిపోకండి, కింద పట్టికలో కొన్ని వరసలు చూడాలి. 05 అంటే పాడైపోయి, వేరే చోటికి మార్చేసినవి. సి5 అంటే చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్నవి. సి6 అంటే ఇక చదవలేనని తేల్చేసినవి. ఈ మూడింటి ఎదురుగా "రా వాల్యూస్" నిలువు వరసలో అన్నీ సున్నాలే ఉండాలి. 05లో కొద్దిగా ఉండి నెలల తరబడి పెరగకుండా ఉంటే కొంతకాలం నడుస్తుంది. సి5లో ఏదైనా ఉంటే నేనైతే ఆ డిస్క్‌ని నమ్మను. ఒక హెచ్చరిక: ఆ అంకెలు మామూలు లెక్కలో ఉండవు, హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, 10 అని ఉంటే పదహారు అన్నమాట. ఇంకోటి, సీగేట్ డిస్కుల్లో 01, 07 వరసల్లో చాంతాడంత అంకెలు ఉంటాయి. అవి వాళ్ల లెక్క పద్ధతి, చూసి టెన్షన్ పడొద్దు.

సి7 అని ఇంకో వరస ఉంటుంది. అది డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో వచ్చిన తప్పుల లెక్క. 05, సి5, సి6 శుభ్రంగా ఉండి సి7 మాత్రం రోజురోజుకీ పెరుగుతుంటే అనుమానించాల్సింది కేబుల్‌ని. పాత తప్పుల లెక్క చెరిగిపోదు కాబట్టి పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. మన పక్క ఇది కొట్టిపారేసే విషయం కాదండి. సముద్రానికి దగ్గర, ఏడాదిలో ఎక్కువ రోజులు చెమ్మగాలి. సీపీయూ డబ్బా పక్క రేకు విప్పితే లోపల స్క్రూలు తుప్పు పట్టి ఉండటం మాకు మామూలుగా కనిపించేదే. కనెక్షన్ల మీదా ఆ ప్రభావం పడుతుంది. ప్లగ్గు పూర్తిగా పీకి, డిస్క్‌కి వచ్చే డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ తీసి గట్టిగా మళ్లీ పెట్టండి. డేటా కేబుల్ కొత్తది వేసేస్తే ఇంకా మంచిది, ఖరీదు చాలా తక్కువ. విండోస్ తన లోపల జరిగినవాటి చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో "సిస్టమ్" లాగ్ తెరిచి చూడండి. డిస్క్ పేరుతో 7 నంబరు కనిపిస్తే పాడైన చోటు తగిలిందని, 129, 153 కనిపిస్తే డిస్క్ సమయానికి బదులివ్వక విండోస్ మళ్లీ అడగాల్సి వచ్చిందని అర్థం. ఈ రెండోరకం కేబుల్ వల్లా రావచ్చు, డ్రైవర్ వల్లా రావచ్చు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే. కోనసీమలో గాలి గట్టిగా వీస్తే ఏ కొబ్బరి మట్టో తీగ మీద పడుతుంది, కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. డిస్క్ రాస్తున్న మధ్యలో కరెంటు పోతే ఫైళ్ల పట్టిక చెదిరిపోవచ్చు. తర్వాత ఆన్ చేసినప్పుడు విండోస్ తనిఖీకి దిగుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, మారే క్షణంలో కంప్యూటర్ ఆగిపోతోందంటే యూపీఎస్ మోడ్ లేదనో, బ్యాటరీ అయిపోయిందనో అనుకోవాలి. కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోండి, ఇప్పటికే ఉంటే దాని బ్యాటరీ మార్పించండి.

డిస్క్ మీద అనుమానం వస్తే వరస తప్పకండి. ముందు ఫోటోలు, పెన్షన్ కాగితాలు బయటికి తీయాలి, ఆ తర్వాతే ఏదైనా. చెక్‌డిస్క్ (డిస్క్ తనిఖీ) వద్దు, డీఫ్రాగ్ (ఫైళ్లు సర్దడం) వద్దు, ఫుల్ స్కాన్ వద్దు. అవన్నీ డిస్క్ మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పే పనులు, బలహీనంగా ఉన్న డిస్క్ వాటి మధ్యలోనే పోవచ్చు. బయటి హార్డ్ డిస్కో పెద్ద పెన్‌డ్రైవో పెట్టి, మళ్లీ దొరకనివి మొదట, సినిమాలు ఆఖర్న కాపీ చేయండి. ఒక ఫోల్డరు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి తర్వాతదానికి వెళ్లండి. సి లో ఉన్నవి డి లోకి కాపీ చేసి బ్యాకప్ అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. సి, డి, ఇ అన్నీ ఒకే డబ్బాలో ఒకే పళ్లెం మీద గీసిన హద్దులు. డిస్క్ పోతే మూడూ కలిసే పోతాయి.

ఇవన్నీ అయ్యాక మీరు డబ్బు ఖర్చు పెట్టదలిస్తే నా సలహా ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్‌లలో డేటా దాచుకునే కొత్తరకం డిస్క్. అందులో తిరిగే పళ్లెం లేదు, జరిగే చెయ్యి లేదు. కాబట్టి సెకనుకి 70 ముక్కల దగ్గర ఆగిపోయిన పని వేలల్లోకి వెళుతుంది. 256 జీబీది మీకు ధారాళంగా సరిపోతుంది. పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే తీసేయక్కర్లేదు, విండోస్ ఎస్‌ఎస్‌డీలో, ఫోటోలు పాతదాంట్లో ఉంచుకోవచ్చు. పాతది జబ్బుతో ఉంటే దాన్ని క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయించకండి, చెదిరిన ఫైళ్లు కూడా యథాతథంగా వచ్చేస్తాయి. కొత్త డిస్క్ మీద కొత్తగా ఎక్కించమనండి. షాపు అబ్బాయి చెప్పిన ఫార్మాట్‌కి అసలు సమయం అదే.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి, ఎటూ కొత్తగా ఎక్కిస్తున్నప్పుడు విండోస్ 11 పడుతుందేమో చూడండి. ఐ3 పక్కన ఉన్న అంకె 8100 లాంటిది, అంటే 8తో మొదలయ్యేదైతే మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంటుంది. 7100, 6100 అయితే ఉండదు. అలాంటప్పుడు మీరు చేసే పనులకి విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా బాగానే నడుస్తుంది, యూనికోడ్ తెలుగు టైపింగు దానిలోనూ ఉంది. యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో టైపు చేసుకున్న ఫైళ్లు ఉంటే మాత్రం విండోస్‌లోనే ఉండిపోవడం మేలు.

షాపుకి ఇచ్చే రోజున డిస్క్ సీరియల్ నంబరు కనిపించేలా క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. డిస్క్ మార్పిస్తే పాతది మొహమాటపడకుండా అడిగి ఇంటికి తెచ్చుకోండి. మీ ఆధార్, పాన్ స్కాన్లు అందులోనే ఉంటాయి. ఈలోపు ఆ ఫోటోతో పాటు టాస్క్ మేనేజర్ డిస్క్ 0 పేజీ ఫోటో కూడా పెడితే చూసి చెబుతాను. సి5 ఎదురుగా సున్నాలు కాక ఇంకేమైనా కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా ఫోటోల కాపీ మొదలెట్టేయండి.